దిడ్డి తలుపు దగ్గరి చెయ్యి

మా కంప్యూటర్ గుంపులో ఎవరికీ పేర్లు లేవు. ఎవరు ఏ పేటలో ఉంటే ఆ పేటే వాళ్ళ పేరు. నేను దిల్‌సుఖ్‌నగర్. సైదాబాద్ అంటే ఉద్యోగ విరమణకు దగ్గరపడ్డ ఒక బడిపంతులమ్మ. బడంగ్‌పేట్ అంటే నల్లగొండ పల్లెనుంచి వచ్చి సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్న ఆయన. ఎల్బీనగర్ అంటే కృష్ణా జిల్లానుంచి వచ్చి భర్తతో, మామగారితో సొంత ఇంట్లో ఉంటున్న ఒకావిడ. ఇంకా కొందరు ఉండేవారు గాని వాళ్ళు చదివి ఊరుకునే రకం. రాసేది మేం నలుగురమే.

కంప్యూటర్‌లో తెలుగు రాయడం అప్పుడప్పుడే చేతికి పడుతున్న రోజులు. ఒకరి మొహం ఒకరికి తెలియదు. రాసుకునేదీ ఏమంత లేదు. కరివేపాకు మొక్కకు పురుగు పట్టిందని ఒకరు, గ్యాస్ బండ ఎప్పుడొస్తుందోనని ఒకరు, మధ్యాహ్నం నిద్రలో బడే ఎందుకు కలలోకి వస్తుందని మరొకరు. ప్రత్యేక రాష్ట్రం సంగతి ఎత్తకూడదని సైదాబాద్ మొదట్లోనే తేల్చి చెప్పింది. "రోడ్డు మీద లొల్లి చాలదా, ఇక్కడ గూడనా? ఇక్కడ కూరల ముచ్చటే రాయాలె" అంది. అందరం ఒప్పుకున్నాం. మాలో ఇద్దరు రాష్ట్రం రావాలనేవాళ్ళు, ఒకరు వద్దనేవాళ్ళు. నేను ఏమిటో నేను చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

నేను తక్కువ రాసేవాణ్ణి. రాసినప్పుడు నిండు వాక్యాలు రాసేవాణ్ణి. దానికి బడంగ్‌పేట్ ఎప్పుడూ ఎత్తిపొడిచేవాడు. "సార్, మీరు రాస్తే దర్బారుల నిలబడి సదివినట్టుంటది. జర కూసోని రాయిండ్రి" అనేవాడు. దర్బారు అన్న మాట ఆయన ఊరికే వాడాడని నాకు తెలుసు. అయినా ఆ మాట దగ్గర నా కళ్ళు కొంచెంసేపు ఆగేవి.

బందు రోజుల్లో మా గుంపు నిండుగా ఉండేది. విజయవాడ రోడ్డు మీద బండ్లన్నీ ఆగిపోతే, అంతవరకు ఆ మోత కింద అణగి ఉన్న చప్పుళ్ళు పైకి తేలేవి. వాటిని బందు చప్పుళ్ళు అనేవాళ్ళం. ఎవరికి ఏం వినిపించిందో రాయడం మాకొక ఆట. సైదాబాద్‌కు ఎవరో బండ మీద తడిబట్టలు బాదుతున్న చప్పుడు వినిపించేది. ఆ సందులో బట్టలుతికే బండే లేదట. బడంగ్‌పేట్ తన దుకాణం వెనక గిలక తిరుగుతున్న చప్పుడు విన్నానని రాశాడు. అక్కడి బావిని పూడ్చి, పైన మూడంతస్తులు కట్టి ఏళ్ళయింది. నాకు మాత్రం ఎదురుగా ఉన్న కోచింగ్ హాస్టల్‌లో నల్లా కారుతున్న చప్పుడే వినిపించేది. పిల్లలంతా ఊళ్ళకు వెళ్ళిపోయారు, కట్టేవాడు లేడు. అదే రాశాను. మీకేం తమాషా తెలియదు సార్ అన్నారు.

అట్లాంటి ఒక రోజున ఎల్బీనగర్ రాసింది. "మా వీధి తలుపు వేసే ఉందండీ. గడియ కూడా పెట్టే ఉంది. కానీ ఎవరో కీళ్ళకు నూనె వేసి అటూ ఇటూ ఆడిస్తున్నట్టు చప్పుడవుతోంది. పొద్దుటినుంచీ."

ఆ తలుపు కొత్తగా పెట్టించుకున్నదే. ఇల్లు బాగు చేయించుకుంటూ, కూల్చిన ఇళ్ళ కలప అమ్మే చోట ఆవిడ ఒక పాత తలుపు చూసి ముచ్చటపడి కొన్నది. ఒంటిరెక్క తలుపు, మరీ పొట్టిది. వడ్రంగి కింద ఒక చెక్క, పైన ఒక చెక్క అతికి, ఆ పైన గాజు పలక బిగించి మామూలు గుమ్మం ఎత్తుకు తెచ్చాడు. అదంతా ఆవిడ ముందే మాకు వర్ణించింది. మేం మెచ్చుకున్నాం.

తరవాత కొన్నాళ్ళకు ఇంకో సంగతి రాసింది.

"మా ఇంట్లో ఒక వింత. బయటికి వెళ్ళేటప్పుడు అందరం తల వంచుతున్నాం. గుమ్మం బోలెడంత ఎత్తుంది. మావారి తల పైన ఇంకా జానెడు ఖాళీ ఉంది. అయినా వంగుతున్నాం. లోపలికి వచ్చేటప్పుడు మాత్రం మామూలుగానే వస్తున్నాం. కేబుల్ అతను కూడా నిటారుగా వచ్చి, వంగి వెళ్ళాడు."

"మీ ఆయన ఒంగుడు తలుపుకా, మీకా, మంచిగ చూసి చెప్పుండ్రి మేడమ్" అన్నాడు బడంగ్‌పేట్.

"కొత్త గుమ్మం గదా. అలవాటయ్యేదాక గట్లనే ఉంటది" అంది సైదాబాద్.

"అదొక్కటే కాదండీ. ఎంత తుడిచినా ఆ తలుపు దగ్గర ఆముదం వాసన పోవడం లేదు. సాంబ్రాణి వేశాను, ఫినాయిల్ వేశాను. వాసన పోవడానికి ఎవరికైనా ఏదైనా తెలుసా?"

నిమ్మచెక్కతో రుద్దమని ఒకరు, ఎండ తగలనివ్వమని ఒకరు రాశారు. నేను మాత్రం కంప్యూటర్ కట్టేసి, వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగాను.

మా గడీ, అంటే దొరల కోట ఇల్లు, నల్లగొండ జిల్లాలో ఉండేది. బురుజులు, ఎత్తయిన ప్రహరీ, దానికి ఒకే ఒక దర్వాజ. ఆ దర్వాజ రెండు రెక్కలూ తెరిచేది మా ఇంటివాళ్ళు వచ్చినప్పుడు మాత్రమే. మిగిలిన వాళ్ళందరికీ దిడ్డి. అంటే పెద్ద రెక్కలో కోసి పెట్టిన చిన్న తలుపు. ఎంతటివాడైనా నడుము వంచితే తప్ప అందులోంచి రాలేడు. పైన ఇనుప పట్టీ ఉండేది. దిడ్డికి లోపలి వైపు ఒక మనిషి నిలబడి, వచ్చేవాళ్ళ మెడ వెనక అరచెయ్యి ఆనించి వంచేవాడు. తలకు పట్టీ తగలకుండా అని మా ఇంట్లో చెప్పేవారు. వచ్చేవాళ్ళు ఏమనుకునేవారో మాకు తెలియదు. తలుపుల కీళ్ళకు ఆముదం వేసేది కూడా ఆ మనిషే. ఆయన చేతికి ఎప్పుడూ ఆ వాసన ఉండేది.

మా వంశం వాళ్ళ మెడ మీద ఆ చెయ్యి ఎన్నడూ పడలేదు. నాకు ఆరేడేళ్ళప్పుడు ఆడుకుంటూ దిడ్డిలోంచి దూరబోయాను. నా ఎత్తుకు వంగవలసిన పని కూడా లేదు. ఆయన నన్ను గబుక్కున ఎత్తి పక్కన నిలబెట్టి, ఒక్కడే ఆ పెద్ద రెక్కలు రెండూ తోసి తెరిచాడు. "మీరు గిట్ల రావొద్దు చిన్నదొరా" అన్నాడు. ఆ దర్వాజ మధ్యలోంచి ఒక్కణ్ణే నడిచి లోపలికి వెళ్ళడం నాకు ఇప్పటికీ కాళ్ళలో గుర్తుంది.

తరవాత భూములు పోయాయి. తాతగారు పోయారు. మేం పట్నం వచ్చి కిరాయి ఇళ్ళలో సర్దుకున్నాం. నాన్నగారు గడీ కలపంతా ఒకేసారి ఇచ్చేశారు. దిడ్డి దగ్గరి ఆ మనిషి ముసలాయనై చివరిదాకా అక్కడే ఉన్నాడని మాత్రం విన్నాను. తలుపులు బండికెక్కించిన రోజున ఆయన ఎటు వెళ్ళాడో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అడగాలని కూడా ఎవరికీ తోచలేదు.

ఆముదం వాసన లోకంలో ఎక్కడైనా ఉండవచ్చు. అట్లా అనుకుని ఊరుకున్నాను.

సైదాబాద్ ఊరుకోలేదు. ఒక ఆదివారం చింతకాయ పచ్చడి ఇచ్చే వంకతో ఎల్బీనగర్ వాళ్ళింటికి వెళ్ళింది. మా గుంపులో ఇద్దరు ఎదురెదురుగా కలవడం అదే మొదలు. తిరిగివచ్చి రాసిన మాటల్లో ఆమె మామూలు చలాకీతనం లేదు.

"నేను గూడ ఒంగిన. ఒంగొద్దని అనుకుంటనే ఒంగిన. మెడ ఎన్క ఎవరో చెయ్యి పెట్టినట్టుంటది. నెట్టేసినట్టు గాదు. పిల్లలకు తలంటు పోసేటప్పుడు తల్లి ఒంచుతది సూడుండ్రి, గట్ల. సల్లగ లేదు, వెచ్చగ లేదు. చెయ్యి ఉన్నట్టే ఉంది."

ఆ రోజు బడంగ్‌పేట్ కూడా వేళాకోళం చేయలేదు. కాసేపటికి ఎవరో వాన సంగతి ఎత్తారు. అందరూ దానిమీద పడ్డారు.

ఇంతవరకూ అది ఊసుపోక చెప్పుకునే ముచ్చటే. ఎల్బీనగర్ వాళ్ళ మామగారితో అది మారింది. ఆయన హైస్కూల్లో డ్రిల్లు మేష్టారుగా చేసి రిటైరైన మనిషి. డెబ్బై దాటినా వెన్ను వాలలేదు. రోజూ పొద్దున్నే కొత్తపేట దాకా నడిచి, పేపరు కొనుక్కుని, బస్తీలో నలుగురిని పలకరించి వచ్చేవాడు. ఒక పొద్దున గుమ్మంలో తాను వంగుతున్నానని గమనించుకున్నాడు. వెనక్కి వచ్చి, కాళ్ళు దగ్గరపెట్టి, ఛాతీ విరుచుకుని మళ్ళీ నడిచాడు. మళ్ళీ వంగాడు. అట్లా చెమటలు పట్టేదాకా ప్రయత్నించి, చివరికి లోపలికి వచ్చి చెప్పులు విప్పేశాడు.

"ఎవరి ముందో తెలియకుండా నేను వంగి బయటికి పోను" అన్నాడట.

ఆ ఇంటికి ఇంకో దారి లేదు. ఆయన మరి గడప దాటలేదు. వారాలు గడిచాయి. కాళ్ళు వాచాయి, అన్నం తగ్గింది. నడవకపోతే మంచాన పడతారని డాక్టరు ఇంటికి వచ్చి చెప్పి వెళ్ళాడు. ఆ పైన వీధిలో ఒక మాట పుట్టింది. ఆంధ్రా పెద్దాయన గొడవలకు భయపడి ఇంట్లో దాక్కున్నాడని. ఆ మాట చెవిన పడ్డాక ఆయన వరండాలోకి రావడం కూడా మానేశాడు.

"మావయ్యగారు అట్లా గోడకేసి కూర్చుంటే చూడలేకపోతున్నానండీ" అని ఎల్బీనగర్ రాసింది. ఆ వాక్యం కింద ఆ తలుపు ఫోటో పెట్టింది.

ఫోటో హాల్లోంచి తీసినది. టేకు చెక్క మీద వరసలుగా ఇత్తడి బొడిపెలు. గడియ కింద ఏటవాలుగా ఒక పాత గాటు, దాని అడుగున పూసిన ఎర్ర లక్క. తాతగారి కాలంలో ఊరు మా మీదికి వచ్చిన రోజున మా దిడ్డి తలుపు మీద పడిన గొడ్డలి గాటు అది. చిన్నప్పుడు నా చూపుడు వేలు దానిలో సరిగ్గా ఇమిడేది. ఫోటో చూస్తూ తెలియకుండానే వేలు చాపి తెర మీద పెట్టాను.

కాసేపటికి ఇంకొకటి కనిపించింది. బొడిపెలు హాలు వైపు ఉన్నాయి. మా దర్వాజకు బొడిపెలు ఉండేది బయటి మొహానికి. ఎందుకలా బిగించారని ఆవిడను మామూలుగా అడిగినట్టు అడిగాను.

"వీధి వైపు పెడితే ఇత్తడి కోసం ఎవరైనా పీక్కుపోతారని మావారు లోపలికి తిప్పించారండీ. హాల్లో కూర్చుంటే అందంగా కూడా ఉందని నేనూ సరేనన్నాను."

అప్పుడు అర్థమైంది. ఆ తలుపు లెక్కలో ఆవిడ హాలు బయట. వీధి లోపల. ఇంట్లోవాళ్ళు గుమ్మం దాటిన ప్రతిసారీ గడీలోకి వస్తున్న వాళ్ళే. చెయ్యి వీధి వైపు నిలబడి ఉంది.

ఆ సంగతి అక్కడ రాయడానికి రెండు నిమిషాలు పట్టదు. కానీ మీకెలా తెలుసని అడుగుతారు. బయట కూడలిలో మైకు మీద దొరల మీద పాట మోగుతోంది. మా ఇంటి తలుపు నాన్నగారు అమ్ముకున్నారన్న మాట మా అమ్మ కూడా ఎన్నడూ ఎవరితోనూ అనలేదు. నేను రాయలేదు.

అంతలోనే ఉద్యమంవాళ్ళు రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. బందు రోజున హైవే మీదనే పొయ్యిలు పెట్టి, వండి, అందరూ అక్కడే కూర్చుని తినడం. కాలనీల్లో ఇంటింటికీ వచ్చి బియ్యం, కట్టెలు అడుగుతున్నారు. ఎల్బీనగర్ వాళ్ళాయన తలుపు ఇచ్చేస్తానని మాట ఇచ్చాడు. బందు నాటి మధ్యాహ్నం వచ్చి ఊడదీసుకుని వెళ్ళమన్నాడు.

"పాత టేకు. మస్తు మండుతది" అన్నాడు బడంగ్‌పేట్.

"మండితే మండనియ్యి. పెద్దాయన బయటికొస్తడా, అది చెప్పు" అంది సైదాబాద్.

ఎల్బీనగర్ చాలాసేపటికి రాసింది. "రారటండీ. తలుపు తీసేశాక వెళితే నేను తలుపుకి భయపడ్డట్టే కదా, అప్పుడసలు కదలను అంటున్నారు. మావారు వినడం లేదు. ముందది పోతే చాలంటున్నారు."

ఆ మాట చదివాక ఆ పెద్దాయన నాకు బాగా తెలిసిన మనిషి అనిపించాడు. ఆయన నిజంగానే కదలడు. నేనైనా కదలను. తలుపు పొయ్యిలోకి పోతే ఆయన ఆ కుర్చీలోనే పోతాడు. ఆవిణ్ణి ఇంటి గుర్తులు అడిగాను.

"దిల్‌సుఖ్‌నగర్ సార్ గడప దాటుతున్నడు. ఇగ తెలంగాణ వచ్చినట్టే" అని బడంగ్‌పేట్ రాశాడు. సైదాబాద్ ఆయన్ని మందలించింది.

బందు నాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నడిచి బయలుదేరాను. బస్సు లేదు, ఆటో లేదు. చైతన్యపురి దాటాక రోడ్డు వెడల్పు మొదటిసారి కనిపించింది. దుకాణాల షట్టర్లన్నీ దించి ఉన్నాయి. అంత పెద్ద రోడ్డు మీద నా చెప్పుల చప్పుడు గోడలకు తగిలి తిరిగి వచ్చేది. ఒక్కోసారి అది నా అడుగుకు కొంచెం ఆలస్యంగా వచ్చేది. కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర కుళ్ళిన బత్తాయిల వాసన, ఒక ఆవు, మనుషులు లేరు. దూరంగా ఎల్బీనగర్ వైపునుంచి డప్పు వినిపిస్తోంది. అది ఒకచోటే ఉందో, దగ్గరికి వస్తోందో తెలియడం లేదు.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వీధి వైపునుంచి తలుపు మామూలుగా, ఏ నగిషీ లేకుండా ఉంది. అడ్డపట్టీలు, గడియ తిరిగే చోట చేతులు తగిలి నల్లబడ్డ మచ్చ. నేను చిన్నప్పుడు రోజూ చూసిన వైపు ఇదే. ఒక క్షణం దాని ముందు నిలబడితే నేను లోపలే ఉన్నట్టు, ఇంకా రావలసింది వేరే ఎవరో అన్నట్టు అనిపించింది.

ఎల్బీనగర్ తలుపు తీసింది. ఊహించినదానికన్నా చిన్నావిడ. "మీరేనా అండీ? రండి, ఎండలో నడిచి వచ్చారా?" అంది. లోపలికి వెళ్ళాను. ఏమీ కాలేదు. ఆముదం వాసన మాత్రం ఉంది.

పెద్దాయన గోడ వైపు తిప్పి వేసిన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కాళ్ళు వాచి ఉన్నాయి. వీపు కుర్చీకి ఆనలేదు. ఆవిడ నన్ను పరిచయం చేసి, మజ్జిగ తెస్తానని లోపలికి వెళ్ళింది.

"మీరూ వంగి చూడ్డానికొచ్చారా?" అన్నాడు ఆయన, గోడ వైపునుంచి తిరగకుండానే. "మొన్న ఒక టీచరమ్మ వచ్చింది. టికెట్టు పెట్టమని మా వాడితో చెప్పాలి."

"తలుపు తిరగేసి బిగించారు మేష్టారూ. అది చెప్పడానికి వచ్చాను. సరిగ్గా పెడితే మీరు వంగక్కర్లేదు."

ఆయన నెమ్మదిగా తిరిగాడు. "మీకెలా తెలుసు?"

ఈ ప్రశ్న కోసమే దారంతా ఒక జవాబు తయారు చేసుకున్నాను. పాత తలుపుల గురించి ఎక్కడో చదివానని. ఆయన కళ్ళు చూశాక ఆ జవాబు నోట్లోకి రాలేదు.

"అది మా ఇంటి తలుపు" అన్నాను.

దిడ్డి గురించి, ముసలాయన గురించి, ఆయన చెయ్యి గురించి చెప్పాను. ఇంటి మనిషి కాని ఒకరికి మొదటిసారి చెప్పడం.

"తిప్పితే ఎవరు వంగుతారు?"

"బయటినుంచి వచ్చేవాళ్ళు."

"అంటే నా ఇంటికొచ్చిన మనిషిని నేను వంచాలన్నమాట" అన్నాడు. "మీవాళ్ళ మీద ఆ చెయ్యి పడదంటున్నారు కదూ?"

"ఎన్నడూ పడలేదు."

"అయితే వెళ్ళండి. నేను చూస్తాను. ఒక్కడు నిటారుగా వెళ్ళడం నా కళ్ళతో చూస్తే, అప్పుడు ఆలోచిద్దాం."

కోడలు మజ్జిగ గ్లాసుతో వచ్చి అక్కడే ఆగిపోయింది. నేను లేచి తలుపు తీశాను. ఎదురుగా ఎండలో ఖాళీ వీధి. బొడిపెల మీద నా నీడ పడింది. నాకు భయం లేదు. నిజం చెప్పాలంటే ఆ తలుపుకు నేను తెలుసునని, ఇంతమందిలో నన్ను గుర్తుపడుతుందని లోపల ఎక్కడో ఒక సంబరం కూడా ఉంది. తల ఎత్తి అడుగు వేశాను.

గడప మీద ఉండగానే చెయ్యి పడింది. సైదాబాద్ చెప్పినట్టే, నెట్టలేదు. అరచెయ్యి మెడ వెనక ఆని, వేళ్ళు చెవుల కిందికి వచ్చాయి. బొటనవేలి దగ్గర గరుకుగా ఉంది. నా తల దానంతట అదే వంగింది. నా చెప్పులు, గడప మీది పసుపు, బయటి మెట్టు వరసగా కనిపించాయి. బయటికి వచ్చాక చెయ్యి తీసేశారు. తిరిగి చూస్తే ఎవరూ లేరు. నల్లబడ్డ మచ్చ దగ్గర తలుపు సన్నగా కదులుతోంది.

"తలుపు మీదేనా?" అన్నాడు పెద్దాయన లోపలినుంచి.

"మాదే."

"మరి?"

నేను ఆ నల్లబడ్డ మచ్చనే చూస్తున్నాను. ఆ ముసలాయన నన్ను ఎరగడా, లేక ఎరిగే ఆ పని చేశాడా? ఆ రెండింటిలో ఏది నిజమైతే నాకు మంచిదో ఈనాటికీ తేల్చుకోలేదు.

కుర్చీ జరిగిన చప్పుడైంది. పెద్దాయన వాచిన కాళ్ళతో గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. మడమలు దగ్గరపెట్టాడు. రెండు చేతులూ పైకెత్తి, డ్రిల్లులో పిల్లలచేత చేయించినట్టు, వేళ్ళు పెనవేసి తన మెడ వెనక తనే పెట్టుకున్నాడు.

"వన్" అని గట్టిగా అన్నాడు. నడుము దగ్గర వంగాడు. అట్లా వంగే గడప దాటాడు. "టూ." మెట్టు మీద నిలువుగా లేచాడు.

ఆయన మెడ మీద అప్పటికే చేతులున్నాయి. ఇంకో చేతికి చోటు లేదు.

"నా అంతట నేను వంగాను. ఎవరూ వంచలేదు. చూశారు కదా?" అన్నాడు నాతో. చూశానన్నాను. లోపల ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

కట్టెల కోసం వచ్చినవాళ్ళు అప్పుడే సందు మలుపు తిరిగారు. ముందున్న ఆయన పెద్దాయన్ని చూసి ఆగాడు. "ఏంది తాతా, బైటికొచ్చినవ్? నువ్వు దాసుకున్నవన్నరు" అన్నాడు.

"నడుం పట్టేసింది నాయనా. తలుపు ఇవ్వను. మా అమ్మాయి బియ్యం ఇస్తుంది, విరిగిన మంచం ఉంది, పట్టుకెళ్ళండి. ఈయనా నేనూ భోజనానికి అక్కడికే వస్తున్నాం."

హైవే మీద నడుమ గీత పక్కన విస్తరాకులు వేశారు. చారు, వంకాయ కూర. పెద్దాయన ఆయాసపడుతూనే అడిగి మళ్ళీ వేయించుకున్నాడు. నాకు ఎవరు వడ్డించారో చూడలేదు. నా మెడ వెనక తడిగా ఉన్నట్టుంది. చెయ్యి పెట్టి చూసుకోలేదు.

సాయంత్రం ఎల్బీనగర్ గుంపులో రాసింది. మావయ్యగారు రోజూ నడుస్తానన్నారని, తలుపు అలాగే ఉండనివ్వమన్నారని. తిప్పడం గురించి ఏమీ రాయలేదు. తలుపు ఎవరిదన్న సంగతి కూడా రాయలేదు. ఆవిడ విన్నదని నాకు తెలుసు.

"సార్ ఒంగిండా?" అన్నాడు బడంగ్‌పేట్.

వంగాను అని రాశాను. ఆ ఒక్క మాటే.

"మస్తు. ఒక్కపాలి సూడాలని ఉండె" అన్నాడు. తరవాత ఆయనే మళ్ళీ రాశాడు. "మా తాతను గూడ గట్లనే ఒంచేటోళ్ళంట, ఏదో గడీల. సచ్చేదాక చెప్తుండె. ఆ చెయ్యి ఆముదం వాసనొస్తుండెనంట. మేడమ్ ముందుగాల్ల ఆముదం అన్నప్పుడే యాదికొచ్చింది గని, ముచ్చట ఖరాబయితదని రాయలే."

ఏ ఊరని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. సైదాబాద్ వచ్చి, రేపు బందు లేదు గదా, కూరగాయలు అగ్గువకు దొరుకుతయా అని అడిగింది. దొరకవచ్చని రాశాను.

మర్నాడు మా ఇంటావిడ ఉతకబోతూ చొక్కా పట్టుకొచ్చి కాలరు చూపించింది. వెనక వైపు నూనె మరక, వేళ్ళంత వెడల్పున. తలకు ఏం రాశారని అడిగింది. కుంకుడు రసం పెట్టి ఉతికితే మరక పోయింది. ఆ చొక్కా ఇంకా ఉంది. ఇస్త్రీపెట్టె వేడి తగిలినప్పుడల్లా కాలరులోంచి ఆముదం వాసన లేస్తుంది. అయినా అదే వేసుకుంటాను.